ఇరవై ఒకటో ఫిర్యాదు

ఊరంతటి మంచినీటి ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా ఆ ఉదయం మరమ్మతు సిబ్బందికి చేరలేదని నీటి సరఫరా ఆఫీసు ప్రోగ్రామరు తొమ్మిదిన్నరకు కనిపెట్టింది. పదింటికల్లా ఆ ఫిర్యాదుల ఫైలు వెళ్లకపోతే ఒక్క మరమ్మతు బండీ కదలదు. తప్పెవరిదైనా, ఊడేది చేరి నెలైనా కాని ఆమె ఉద్యోగమే.

ఫైలును తనిఖీ చేసే టూలుకు మెమరీ పెంచింది. కొత్త వెర్షన్ వేసింది. అయినా అది మొండికేసి ఒకటే మాట చెబుతోంది: ఒక ఇంటి నుంచి ఇరవైకి మించి ఫిర్యాదులు చెల్లవు.

"టూలు తప్పేం లేదు సార్. ఫైలు ఎలా ఉండాలో చెప్పే స్కీమాలోనే ఎవరో హద్దు పెట్టారు," అంది సూపర్‌వైజరుతో.

"ఎవరైతే ఏంటమ్మా, తీసెయ్," అన్నాడాయన కిటికీలోంచి బయటకు చూస్తూ.

"కారణం రాయకుండా మార్పు ఒప్పుకోరు కదా సార్? ఒకే ఇంటావిడ ఇరవై ఒకటి పెట్టింది. చివరిది వినండి: 'మా అల్లుడు మీ ఆఫీసులోనే సూపర్‌వైజరు. అయినా మా కుళాయి కారుతూనే ఉంది.' ఇక్కడ సూపర్‌వైజరు మీరొక్కరేగా?"

ఆయన కిటికీ వదిలి ఆమె వైపు తిరిగాడు.

"పెట్టింది నేనేనమ్మా. ఇంట్లో మా అత్తగారి నోటికి హద్దు పెట్టడం నావల్ల కాలేదు, ఇక్కడైనా పెడదామనుకున్నా. ఇరవై ఒకటోది ఒక్కటే ఆగుతుందనుకున్నా గానీ, ఊరందరి ఫైలునూ ఆపేస్తుందని కలగన్నానా? కారణం కింద నా పేరే రాసెయ్. ఆవిడకి మాత్రం చెప్పకు తల్లీ, సాయంత్రం వాషరు కొనుక్కెళ్లి నేనే వేస్తాను."