బావగారు చెరిపిన బాక్సులు

మా ఓనరు ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. జావా ప్రోగ్రాములో ఏ భాగం దేనితో ముడిపడి ఉందో బొమ్మ గీసి చూపించమని క్లయింటు అడిగితే, అందుకు కావలసిన యూఎంఎల్ టూల్ వెతికే పని బావమరిది నెత్తిన పెట్టాడు. అతను అక్కాబావల ఇంట్లోనే ఉంటూ, నెలల తరబడి మా ఆఫీసులో జీతం లేకుండా కోడు రాస్తున్నాడు.

"మంచి టూల్ పట్టుకొస్తే నీ ఉద్యోగం పర్మనెంటు చేస్తా. పైసా ఖర్చవకూడదు" అన్నాడు బావ.

పిచ్చివాడు, నమ్మాడు. ఉచితంగా దొరికేవన్నీ వేసి చూశాడు. ఒకటి బొమ్మ బాగా గీస్తుంది గానీ దానికి జావా రాదు. ఇంకొకటి జావా చదువుతుంది గానీ నెల తిరక్కుండా డబ్బడుగుతుంది. చివరికి ఒకటి కుదిరింది. అందులో కోడు మారిస్తే బొమ్మ మారుతుంది, బొమ్మ మారిస్తే కోడు మారుతుంది.

"ఒక్కటే జాగ్రత్త బావా. బొమ్మలో బాక్సు చెరిపితే దాని కోడు కూడా పోతుంది. అక్కర్లేకపోతే దాచండి, చెరపకండి" అని మా అందరి ముందే చెప్పాడు. పక్క బల్ల దగ్గర ఆఫీసు లెక్కలు చూసే వాళ్లక్క కూడా తలెత్తి విన్నది.

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించినట్టు, నాకు నేర్పుతున్నావా?" అన్నాడు బావ.

మా ఓనరుకి ఒక జబ్బుంది. ఏదైనా సరే ఒక్క పేజీలో పట్టాలి. క్లయింటు వచ్చే రోజు పొద్దున బొమ్మ పేజీ దాటిందని, అంచున ఉన్న బాక్సులు మా కళ్ల ముందే చెరిపేశాడు. తీరా క్లయింటు ఎదుట ప్రోగ్రాము నడవలేదు. బావమరిది తాను ముందే తీసిపెట్టుకున్న కోడు నకలు తెచ్చి, కాఫీలు చల్లారేలోపు మళ్లీ నడిపించాడు. నష్టమేమీ జరగలేదు. అయినా క్లయింటు ఇది ఎవరి పని అని అడిగాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, "టూల్ మంచిది కాదండీ" అన్నాడు ఓనరు.

"టూల్ ఎంచిందెవరు?"

మేం నోరు మెదపలేదు. మాకూ జీతాలు కావాలి. బావమరిది అక్క వైపు చూశాడు.

"మా తమ్ముడేనండీ" అన్నది ఆవిడ. "బాక్సులు చెరపొద్దురా అని ఆయన చెబుతూనే ఉన్నారు. వింటేగా."

క్లయింటు ముందే ఓనరు అతన్ని పనిలోంచి తీసేశాడు. క్లయింటుకి ఆ కచ్చితత్వం నచ్చింది. టూల్ మాత్రం ఉండిపోయింది, ఉచితం కదా.

సాయంత్రం అతను సంచి సర్దుకుంటుంటే అక్క దగ్గరికొచ్చింది.

"చెరిపింది బావేనని నీకు తెలుసుగా అక్కా."

"తెలుసురా. ఆయనతో కాపురం చెయ్యాల్సింది నేను కదా." గొంతు తగ్గించి మళ్లీ అన్నది, "ఆ నకలు ఎలా తీస్తావో కాస్త రాసిచ్చి వెళ్లు. ఆయన మళ్లీ చెరుపుతారు."

అతను సంచి కింద పెట్టి, కూర్చుని, అంతా వివరంగా రాసిచ్చాడు.