బోర్లించిన గంప

పెద్దగంప అసలు పేరేమిటో రేవులో ఎవరికీ గుర్తులేదు. అందరికన్నా పెద్ద గంప ఆమెది, అందరికన్నా పెద్ద నోరూ ఆమెదే. చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి ఆమెను పెద్దను చేసింది కూడా ఆ నోరే. అలాంటి మనిషి వారం నుంచి బడిపిల్లలా రెండు ముక్కలు బట్టీ పడుతోంది.

"మీరు చేసిన మేలుకు మా సంఘం రుణపడి ఉంటుంది. ఈ ఒప్పందం ఇలాగే కొనసాగాలని కోరుకుంటున్నాం."

రాసిచ్చింది చేపల ఆఫీసరు. దగ్గర కూర్చుని అప్పజెప్పించుకుంటున్నది కూతురు.

మేలు అంటే రేవు పక్కన కట్టిన ఐసు ఫ్యాక్టరీ. డబ్బున్న దేశమొకటి దాన్ని ఉచితంగా కట్టించి ఇచ్చింది. తెల్లటి గోడలు, తలుపు మీద రెండు దేశాల జెండాలు, లోపల గుయ్యిమని తిరిగే మెషిన్లు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనకూడదు. ఆ ఉచితం అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అదే ఒప్పందం ప్రకారం ఆ దేశపు ఓడలు ఈ సముద్రంలో చేపలు పట్టుకోవచ్చు. అవి మామూలు ఓడలా? ఒకసారి వల లాగాయంటే పిల్లచేప కూడా మిగలదు. రేవు పడవలు వెళ్ళిన దారినే ఖాళీగా తిరిగొస్తున్నాయి. వెనకటికి చేపలుండేవి, ఐసు లేక పాడయ్యేవి. ఇప్పుడు ఐసు గుట్టలుగా ఉంది, అందులో పెట్టడానికి చేప లేదు. దీన్నే సాయం అంటారట!

ఆ ఒప్పందం గడువు తీరిపోతోంది. మళ్ళీ రాసుకోవాలంటే, సాయం అందుకున్నవాళ్ళు సంతోషంగా ఉన్నామని అందరి ముందూ చెప్పాలి. అది ఆ దేశం రూలు. పెద్దగంప ఆ రెండు ముక్కలూ చెబితే ఓడలు ఉండిపోతాయి. చెప్పకపోతే ఒప్పందం ఆగిపోతుంది, ఆ దేశం డబ్బుతో నడిచే ఫ్యాక్టరీ కూడా మూతపడుతుంది. ఆ ఫ్యాక్టరీలో మెషిన్లు చూసుకునేది ఆమె అల్లుడు. చిక్కంతా అక్కడే వచ్చింది. బట్టీ మొదలవకముందు ఓ రాత్రి కూతురు బతిమాలింది.

"నీ కాళ్ళు పట్టుకుంటానమ్మా. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే మనిషి ఈ రేవులో ఇంకెవరున్నారు చెప్పు? నా సంసారం నీ నోటి మీద ఆధారపడి ఉంది."

"నీ సంసారం ఒక్కటే అయితే ఇంత ఆలోచిస్తానటే? రేవంతా ఉంది కదా."

కూతురు కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంతో పెద్దగంప ఓడిపోయింది. "సరేలే, ఏడవకు. చెబుతాను," అంది. అల్లుడు తలొంచుకుని అన్నం తింటున్నాడు, ఔననలేదు, కాదనలేదు. పెళ్ళినాటి నుంచీ అతనంతే, మాటలకు కూడా కరెంటు ఖర్చవుతుందన్నట్టు ఉంటాడు.

ఆ రోజు రానే వచ్చింది. ఫ్యాక్టరీ ముందు షామియానా వేశారు, కుర్చీలు వేశారు. ఆడవాళ్ళంతా నిండు గంపలతో ఫోటోలో ఉండాలన్నాడు ఆఫీసరు. నిండు గంపలు ఎక్కడి నుంచి వస్తాయి?

"అడుగున ఐసు నింపండి. చేపలు నేను తెప్పిస్తున్నాను, పైన పేర్చుకోండి," అన్నాడాయన.

వ్యానులో అట్టపెట్టెలు దిగాయి. పెట్టెల మీద ఆ ఓడల బొమ్మే ఉంది. పెద్దగంప ఒక చేపను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. తల నుంచి తోక దాకా సొంత సముద్రపు చేపే. మేనమామ కొడుకును పరాయి ఇంట్లో పనివాడిగా చూసినట్టయింది ఆమెకు.

"ఫోటో అయ్యాక లెక్కగా తిరిగిచ్చేయాలి. జాగ్రత్త," అన్నాడు ఆఫీసరు.

ఆమె ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం మంచిది కాదని రేవులో ఎవరిని అడిగినా చెబుతారు. పాపం, ఆఫీసరు ఎవరినీ అడగలేదు.

ఒప్పందం మీద సంతకం పెట్టడానికి ఆ దేశం నుంచి అతిథి వచ్చాడు. పొడుగాటి మనిషి, మంచివాడిలాగే ఉన్నాడు, చెమటలు కక్కుతూ అందరికీ నమస్కారాలు పెట్టాడు. మెషిన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీర్ల దగ్గర అల్లుడు ఆ దేశపు భాష నేర్చుకున్నాడు కాబట్టి, ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పే పని అతనికే అప్పగించారు. పెద్దగంప గంప చంకనెత్తుకుని మైకు ముందుకు వచ్చింది.

"మీరు చేసిన మేలుకు..."

అక్కడ ఆగింది. గంపలోకి చూసింది. చేపలను ఒక్కొక్కటే తీసి అతిథి ముందున్న బల్ల మీద, పూలగుత్తి పక్కన పెట్టింది.

"ఇవి మీవేనట. ఫోటో అయ్యాక ఇచ్చేయమన్నారు. ముందే ఇచ్చేస్తున్నాను."

తర్వాత గంపను బోర్లించింది. ఐసు బొలబొలా నేల మీద పడింది. ఆ గంప మీద కూర్చుంది.

రేవు వేలంలో అదొక పద్ధతి. ధర నచ్చని మనిషి పోట్లాడదు. గంప బోర్లించి దానిమీద కూర్చుంటుంది. ఆమె లేచేదాకా ఆ రేవులో ఇంకెవరూ వేలం పాడకూడదు. తాతల నాటి నుంచి దాన్ని దాటినవాళ్ళు లేరు. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక గంప బోర్లాపడింది, ఆ వెంటనే ఇంకొకటి, ఆ తర్వాత అన్నీ.

ఆఫీసరు పరుగెత్తుకొచ్చి పళ్ళు కొరికాడు. "లేమ్మా! పరువు పోతోంది!"

"పరువు మీది, సముద్రం మాది. ఎవరిది వాళ్ళం కాపాడుకుందాం."

ఏం జరుగుతోందని అతిథి అల్లుణ్ణి అడిగాడు. "మోకాళ్ళ నొప్పులు, అందుకే కూర్చుందని చెప్పు," అని ఆఫీసరు అతని చెవిలో ఊదాడు. పెద్దగంప అల్లుడి వైపు చూడలేదు. చూస్తే బతిమాలినట్టు ఉంటుంది. కూతురి సంసారం నోటికాడి కూడు తనే లాగేసిందన్న సంగతి ఆమెకు తెలుసు.

అల్లుడు చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. అతిథికి ఆ భాషలో చెప్పాడు. తర్వాత అదే మాట మైకులో అందరికీ వినబడేలా చెప్పాడు.

"ధర నచ్చలేదంటోంది మా అత్త. ఒక ఫ్యాక్టరీకి సముద్రం ఇవ్వడం గిట్టుబాటు కాదంటోంది. ఓడలు వెనక్కి వెళితే లేస్తానంటోంది."

ఆమె అందులో ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఒక్క మాట కూడా తప్పు లేదు.

సంతకానికి తీసిన పెన్నుకు అతిథి మూత పెట్టాడు. కింద ఐసు కరిగిన నీళ్ళు బూట్ల దాకా వచ్చేసరికి, కాళ్ళు పైకి తీసుకుని ఏదో అడిగాడు.

"ఎంతసేపు కూర్చుంటావని అడుగుతున్నారత్తా."

"పెళ్ళయిన కొత్తలో ఒకసారి పొద్దున కూర్చుని సాయంత్రం లేచానని చెప్పు. అప్పుడంటే చేతినిండా పని ఉండేది. ఇప్పుడు పనేం లేదని చెప్పు."

గుంపులోంచి కూతురు వచ్చింది. ముఖం కందిపోయి ఉంది. తల్లి ముందు నిలబడి, ముక్కు ఎగబీల్చి, "కాస్త జరుగు," అంది.

పెద్దగంప జరిగింది. ఆ గంప మీద ఇద్దరికీ చోటు సరిపోయింది.