పాత ఇంటి యజమాని

"నీకేం, నీడపట్టున కూర్చుని ఫోన్లు చేసే ఉద్యోగం" అన్నాడు భర్త. అంటున్నప్పుడు ఆమె చేతికింద ఇస్త్రీ అవుతున్నది తన చొక్కాయేనన్న ధ్యాస ఆయనకి లేదు. కాలరు దగ్గర ముడత మిగిలిందని మాత్రం కనిపెట్టాడు. అలాంటివి కనిపెట్టడంలో ఆయనది డేగకన్ను. ఆమె ఆ ముడత మీద ఇస్త్రీపెట్టె ఇంకోసారి తిప్పింది. పెళ్ళైన కొత్తలో ఇలాంటి మాటలకి జవాబు చెప్పేది. చెప్పినప్పుడల్లా పక్కగదిలోంచి అత్తగారు, "మావాడు కాబట్టి ఉద్యోగానికి పంపిస్తున్నాడు, ఇంకొకడైతేనా!" అనేది, బతికున్నన్నాళ్ళూ. పంపిస్తున్నాడట. తెల్లారకముందే లేచి అందరికీ వండిపెట్టి, తడిజుట్టుతో పరిగెత్తి బస్సెక్కేది ఈమె. పంపించే శ్రమంతా ఆయనది! జీతం పడిన రోజున ఆ శ్రమకి తగ్గ హుషారు కూడా ఆయన మొహంలోనే కనిపించేది.

ఆమె పనిచేసేది ఇళ్ళు అద్దెకిప్పించే ఆఫీసులో. అద్దెకొచ్చేవాళ్ళ మంచీచెడూ ఆరా తీసి, ఇల్లివ్వొచ్చో లేదో చెప్పడం ఆమె పని. అంతా అయ్యాక సంతకం పెట్టి, "నేను మనిషిని చూడగానే చెప్పేస్తాను" అని ఇళ్ళవాళ్ళ దగ్గర గొప్పలు పోవడం మేనేజరు పని. నిజానికి అతను మనుషుల మొహం కూడా చూడడు. క్రెడిట్ స్కోరుంటే చాలు. బ్యాంకులో అప్పులు చేసి, వేళకి కట్టినవాళ్ళకి కంప్యూటరు ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె పెద్దదైతే, ఎదురుగా కూర్చున్నది ఎంత వెధవైనా అతను కాఫీ తెప్పిస్తాడు. తెచ్చేది ఈమే, తర్వాత కప్పులు కడిగేది కూడా ఈమే. అసలు అప్పే చెయ్యనివాళ్ళకి అంకె ఉండదు. వాళ్ళు లోపలికి వస్తేనే అతని ముక్కు ముడుచుకుపోయేది. ఎవరికీ బాకీ పడకుండా బతకడం అంత పెద్ద నేరమని ఈ ఆఫీసులో చేరేదాకా ఆమెకి తెలియదు.

అలాంటి నేరస్తురాలే ఆవేళ వచ్చింది. యాభై దాటిన మనిషి, పిల్లల బడిలో ఆయాగా చేస్తోంది. అందరూ ఆయమ్మ అంటారట. మొగుణ్ణి వదిలేసి వచ్చిన దగ్గర్నుంచీ బడివాళ్ళు సామాన్ల గదిలో పడుకోనిస్తున్నారు. నెలాఖరుకి ఆ గది ఖాళీ చెయ్యాలి. ఒంటిగది వాటా ఒకటి చూసుకుంది. అది దొరక్కపోతే మళ్ళీ మొగుడి దగ్గరికి పోవడమే. ఈ సంగతి ఆయమ్మ ఏడుస్తూ చెప్పలేదు. బస్సు తప్పిపోతే ఏం చెయ్యాలో చెప్పినట్టు చెప్పింది.

"బ్యాంకు అప్పేమైనా ఉందా? కార్డు? పోనీ కరెంటు బిల్లు?"

"అన్నీ ఆయన పేరు మీదేనమ్మా. నా పేరు మీద నేనొక్కదాన్నే."

స్కోరు లేనివాళ్ళకి ఆ ఆఫీసులో ఒకటే దారి. అంతకుముందున్న ఇంటి యజమానికి ఫోన్ చేసి, మేనేజరు కూడా వినేలా స్పీకరు పెట్టి, కొన్ని ప్రశ్నలు అడగాలి. యజమాని ఎవరంటే ఆయమ్మ మొగుడి నంబరిచ్చింది.

"భర్త యజమాని ఎలా అవుతాడండీ?"

"ఇది నా ఇల్లు, ఉంటే ఉండు లేకపోతే పో అని రోజూ అనేవాడమ్మా. ఆయన కాకపోతే మరి యజమాని ఎవరు?"

మేనేజరు పగలబడి నవ్వాడు. "చెయ్యండి, చెయ్యండి. మొగుడే చెప్తాడు ఈవిడ సంగతి. మనకి తలనొప్పి వదిలిపోతుంది" అన్నాడు. ఆయమ్మ అక్కడే కూర్చుని ఉందన్న మొహమాటం కూడా లేదు ఆ మనిషికి.

ఆమె ఫోన్ మీద చెయ్యి వేసి ఆగింది. "మీరిక్కడున్నారని ఆయనకి తెలిసిపోదా?"

"బడిలో ఉంటున్నానని ముందే తెలుసమ్మా. అయినా రాడు. వస్తే బతిమాలాల్సి వస్తుందని భయం."

రెండోసారికి అవతల ఎత్తారు. ఫలానా ఆఫీసు నుంచి, మీ ఇంట్లో ఇదివరకు ఉన్నావిడ గురించి అడగాలి అని ఆమె మొదలుపెట్టింది.

"ఉన్నావిడేంటి? నా పెళ్ళాం అది!"

"అవునండీ. ఆవిడ ఇల్లు ఎలా ఉంచేవారు?"

"ఇల్లా? పొద్దస్తమానం చీపురు పట్టుకుని ఊడవడం తప్ప ఇంకేం వచ్చు దానికి? నన్ను చెప్పులతో లోపలికి రానిచ్చేది కాదు. ఇప్పుడొచ్చి చూడండి ఇల్లు, పందులదొడ్డి!"

"వస్తువులేమైనా పాడుచేశారా?"

"కప్పు పగిలితే అతికించి దాచుకునే పిసినారిది. అది పాడుచేస్తుందా?"

"చుట్టాలూ, స్నేహితులూ వచ్చి గొడవలూ అవీ...?"

"ఎవర్నీ గడప తొక్కనిచ్చేవాణ్ణి కాదు నేను. నోట్లో నాలుక లేని మొద్దు. పోవడం కూడా చప్పుడు లేకుండా పోయింది."

"డబ్బు దగ్గర ఎలా ఉండేవారండీ?"

"నేనిచ్చేదాంట్లో మూడుపూటలా వండిపెట్టి, అందులోనే మిగిల్చేది. ఆ మిగిల్చిందాంతోనే పోయింది, దొంగముండ!"

ఒక్కొక్క తిట్టూ ఆమె కాగితం మీద మర్యాదస్తుల భాషలో రాసుకుంటూ పోయింది. ఇల్లు శుభ్రం. వస్తువులు పదిలం. ఇరుగుపొరుగుతో గొడవల్లేవు. ఉన్నదాంట్లో సర్దుకుని పొదుపు చేస్తుంది. పెళ్ళాన్ని నలుగురిలో చులకన చెయ్యాలన్న ఆత్రంలో ఆ మహానుభావుడు ఇంత గొప్ప సాక్ష్యం ఇస్తున్నాడు, ఇస్తున్నట్టు అతనికే తెలియడం లేదు. మేనేజరు నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"ఆఖరిదండీ. ఆవిడకి మళ్ళీ ఇల్లిస్తారా?"

అవతల గొంతు కాస్త తగ్గింది. "పంపించండి. ఇవాళే పంపించండి. ఇక్కడ గిన్నెలు తోమే దిక్కు లేదు."

చెప్పుల వైపు చూస్తూ కూర్చున్న ఆయమ్మ అప్పుడు ఫక్కున నవ్వింది. ఆమె ఫోన్ పెట్టేసి, కాగితం మేనేజరు ముందుకి తోసింది.

"అదికాదండీ" అని నసిగాడు మేనేజరు. "మొగుడితోనే పడని మనిషి రేపు ఇంటివాళ్ళతో పడుతుందా?"

"పోయినసారి మీరు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టిన స్కోరాయన కుళాయిలు కూడా విప్పుకుపోయాడు సార్."

"తేడా వస్తే మీ పేరే చెప్తాను."

"చెప్పండి. తేడా రాకపోయినా ఒకసారి చెప్పండి."

అతను సంతకం పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు? ఆయమ్మ తాళంచెవి కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెలు తోముతున్నా ఆ ప్రశ్నలే ఆమె బుర్రలో తిరుగుతున్నాయి. భర్త టీవీ ముందు కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఈయన ఆ ఫోన్‌వాడిలా బూతులు తిట్టడు, చదువుకున్నవాడు. ఏం చెప్తాడో విందామనిపించింది. చేతులు తుడుచుకుని గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏమండీ, నా గురించి ఎవరైనా ఫోన్ చేసి, ఆవిడ ఇల్లు ఎలా ఉంచుతుంది అనడిగితే ఏం చెప్తారు?"

"ఎవరడుగుతారు నీ గురించి?"

"ఊరికే, అనుకోండి."

టీవీ మీంచి చూపు తిప్పకుండానే ఆలోచించాడు. "బాగానే ఉంటుందని చెప్తాను. మన పనామె నేలలూ అవీ అద్దంలా ఉంచుతుంది కదా. ఆ విషయంలో మాత్రం నువ్వు అదృష్టవంతురాలివి."

పనామె మానేసి ఏడాదిన్నరైంది. మానేసిన రోజున ఆమె ఆయనకి చెప్పింది కూడా. ఊఁ అన్నాడు. అప్పట్నుంచీ ఆ నేల తుడుస్తున్నది ఈమే, ఆయన కాళ్ళెత్తితే ఆ కాళ్ళ కింద కూడా. కోపం రాలేదామెకి. కోపం తెచ్చుకోవాలన్నా ఎదుటివాడికి ఆపాటి విలువైనా ఉండాలి. ఆ ఫోన్‌వాడు నీచుడే కానీ, చీపురు ఎవరి చేతిలో ఉండేదో వాడికి తెలుసు. ఈ పెద్దమనిషికి అదీ తెలియదు.

మర్నాడు ఆఫీసులో ఆమె తన పేరు మీదే ఒక దరఖాస్తు మొదలుపెట్టింది. ఆయమ్మ వాటా పక్కది ఇంకా ఖాళీగానే ఉంది. పాత ఇంటి యజమాని ఫోన్ నంబరు అన్నచోట పెన్ను కాసేపు ఆగింది. తర్వాత అక్కడ అడ్డంగా ఒక గీత గీసేసింది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఎవరున్నారో తెలియని మనిషికి ఫోన్ చేసి ఏమని అడగడం?