తోడేలు చెలమ దగ్గర

మా వదిన ఇస్క్రాకు పరుగు నేర్పింది నేనే. ఆమె మా అన్న ల్యుబెన్‌ను చేసుకుని మా ఊరు త్రోయన్ వచ్చిన కొత్తలో, మా ఇంటి వెనక గుట్ట సగం ఎక్కేసరికే నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోయేది. డాన్యూబ్ ఒడ్డున పెరిగిన మనిషి, ఎత్తంటే రేవు మెట్లే తెలుసు.

"నన్నొదిలేసి నువ్వెళ్లవే తల్లీ" అనేది. నేను వదల్లేదు. నాలుగేళ్లు వెంటపడి పరిగెత్తించాను.

చివరికి ఇద్దరం పెద్ద పరుగే తలపెట్టాం. కోమ్ శిఖరం దగ్గర మొదలెట్టి, బాల్కన్ కొండల వెన్ను మీదుగా, నల్ల సముద్రపు ఒడ్డున ఎమినె కొస దాకా. ఆరువందల యాభై కిలోమీటర్లు, పదకొండు రోజులు. వంటగది గోడకు పటం అంటించి, ఏ కనుమ దగ్గర ఏం తినాలో కూడా నేనే రాశాను.

ఏప్రిల్‌లో నా మోకాల్లో మృదులాస్థి చిరిగింది. ఈ ఏడాదికి పరుగు మాట ఎత్తొద్దన్నాడు డాక్టరు. 'అయితే వచ్చే ఏడాది వెళ్దాంలే' అని వదిన అంటుందేమోనని వారం రోజులు ఎదురుచూశాను. అనలేదు.

"సెలవు పెట్టేశాను కదా వెసెలా" అంది, టమాటా నారుకు నీళ్లు పోస్తూ, నా వైపు చూడకుండా.

"నువ్వెళ్లు వదినా. వ్యాను నేను నడుపుతా. ఆ దారులు నాకంటే ఎవరికి తెలుసు?"

అది మంచితనంతో అన్న మాట కాదు. ఆ కొండల మీద నేను లేకుండా ఏదైనా జరగడం నాకు పడలేదు, అంతే.

ఆగస్టులో బయల్దేరాం. ఆమె పైన పరిగెత్తేది, నేను కింద రోడ్డంట వెళ్లి కనుమల దగ్గర కాచుకునేదాన్ని. రొట్టె, తెల్ల జున్ను, టమాటాలు, పెరుగులో దోసకాయ తరిగి కలిపిన చల్లటి పులుసు. ఆమె దిగి వచ్చి కూర్చోకముందే కబుర్లు మొదలెట్టేది.

"బోతెవ్ శిఖరం కింద గుర్రాలు వెసెలా! మబ్బులోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఒకటైతే నా వెనకే పరిగెత్తుకొచ్చింది. అబ్బ, నువ్వుండాల్సింది!"

నువ్వుండాల్సింది. రోజుకు నాలుగుసార్లు ఆ మాట. దోసకాయ తరుగుతూ తలూపేదాన్ని. ఆ గుర్రాల సంగతి ఆమెకు చెప్పింది నేను. ఆ మబ్బు నాది. ఎండకు తోలు లేచిన ఆ ముక్కు కూడా నాకే ఉండాలి.

షిప్కా కనుమలో కొండలెక్కేవాళ్లు కొందరు ఆమెను చుట్టుముట్టి ఫోటో తీసుకున్నారు. "డ్రైవరమ్మా, కాస్త పక్కకి జరుగుతారా?" అన్నాడొకాయన. జరిగాను.

ఎనిమిదో రోజు పొద్దున, కోటెల్ ఊరు దాటాక, ఆమె బూట్లు బిగించుకుంటూ మామూలుగా అంది: "ఒక్కదాన్నే రావడం మంచిదైందేమో తెలుసా? ఇద్దరం వచ్చుంటే మూడో రోజుకే జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. నేను నీ వెనకాల ఉరుకుతూ, నువ్వు నన్ను తిడుతూ."

నవ్వింది. నేనూ నవ్వాను.

"దారిలో తోడేలు చెలమలో నీళ్లుంటాయి కదా?" అని అడిగింది.

గంట క్రితమే అటవీ కాపలాదారు నాతో చెప్పాడు, జులై నుంచీ ఆ చెలమ ఎండిపోయి ఉందని. తర్వాతి రోడ్డు ముప్పై నాలుగు కిలోమీటర్ల అవతల. మధ్యలో ఇంకెక్కడా చుక్క లేదు.

"ఉంటాయి" అన్నాను.

బరువెందుకని ఆమె రెండో సీసా వ్యాన్‌లోనే వదిలేసింది.

అవతలి ఊళ్లో, మేం కలుసుకోవాల్సిన కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. పదకొండు గంటలకే గోడ నీడలో ముప్పై ఆరు డిగ్రీలు. ఆలస్యమవుతుంది, ఒక రోజు పోతుంది, అంతకంటే ఏమవుతుంది అనుకున్నాను. పన్నెండైంది. నా ముందున్న నిమ్మరసం ముట్టుకోలేకపోయాను. కొట్లో ఉన్న నీళ్ల సీసాలన్నీ వ్యాన్‌లో పడేసి, కట్టెల లారీలు తిరిగే బాట మీద బండి పోగలిగినంత దూరం పోనిచ్చాను. అక్కణ్ణుంచి నడక. ఆరు కిలోమీటర్లు, అంతా ఎక్కుడే. ప్రతి అడుగుకూ మోకాల్లో గాజుపెంకు దిగినట్టుండేది.

చెలమ పక్కన ఓక్ చెట్టు కింద పడి ఉంది ఇస్క్రా. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, పిక్కలు కొంకర్లు పోయి కొట్టుకుంటున్నాయి. నీళ్లు తాగింది, కక్కింది, మళ్లీ తాగింది. తల తడిపాను. చాలాసేపటికి మాట్లాడింది.

"ఎండిపోయింది వెసెలా. పాపం, నీకు మాత్రం ఎలా తెలుస్తుంది?"

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు.

"తెలుసు" అన్నాను.

"ఏంటి?"

"పొద్దున కాపలాదారు చెప్పాడు. తెలిసే, నీళ్లుంటాయన్నాను."

ఆమె చేతిలోని సీసా మూత బిగించింది.

"నాకు కాలు విరిగి నువ్వు పరిగెత్తుంటే, నేను ఇంట్లోనే ఉండిపోయేదాన్ని. నిన్ను చూసి ఓర్చుకోలేక. నువ్వేమో వచ్చావు. ఎంత మంచిదో నా ఆడపడుచు అని అందరికీ చెప్పుకున్నా." లేచింది. కాలు తడబడింది, నేను పట్టుకోబోతే విదిలించుకుంది. "నా సంచి కొట్టు దగ్గర పెట్టి వెళ్లిపో."

రెండు సీసాలు తీసుకుని, మెల్లగా, కుంటుతున్నట్టుగా పరుగెత్తుతూ చెట్లలోకి వెళ్లిపోయింది.

మోకాలు వాచిందని అన్నకు ఫోన్ చేశాను. అతను వచ్చి వ్యాను తీసుకున్నాడు. నేను బస్సెక్కాను. పదకొండో రోజు సాయంత్రం ఎమినె నుంచి ఫోటో పంపాడు. వదిన నడుం లోతు నీళ్లలో చేతులు పైకెత్తి ఉంది. నా కాలు బాగుంటే పదిరోజుల్లోనే ముగించేదాన్నని లెక్క వేసుకున్నాను. సిగ్గులేకుండా.

అక్టోబరులో ఊరి పఠనమందిరంలో ఆమె పరుగు ఫోటోలు చూపించి మాట్లాడింది. రానని చెప్పలేక వెనక వరసలో కూర్చున్నాను. అన్నిటికంటే కష్టమైన రోజేదని ఎవరో అడిగారు.

"ఎనిమిదో రోజు. చెలమ ఎండిపోయింది. లేవలేకపోయాను. మా వెసెల పాడైన కాలితో కొండెక్కి నీళ్లు తెచ్చింది" అంది.

హాలంతా వెనక్కి తిరిగి నాకు చప్పట్లు కొట్టింది. మా అన్న కళ్లు తుడుచుకున్నాడు. దాచడంలో కూడా నన్ను దాటిపోయింది కదా అని, ఆ క్షణాన దానికి కూడా అసూయపడ్డాను.

అందరూ ద్రాక్షసారా గ్లాసులందుకుంటుంటే వరండాలో ఆమెను పట్టుకున్నాను.

"మొత్తం చెప్పొచ్చుగా వదినా. నా కోసం ఎందుకు దాచావు?"

"నీ కోసమా?" అంది ఇస్క్రా. "మొత్తం చెప్తే అది నీ కథ అయిపోతుంది. అందరూ నీ గురించే మాట్లాడుకుంటారు. ఆ పరుగు నాది వెసెలా. నీకివ్వను."

గ్లాసు పట్టుకుని లోపలికి, తన కోసం ఎదురుచూస్తున్న జనంలోకి వెళ్లింది.