అన్నిటికీ హో

కోట్లు కుట్టే కార్ఖానాలో ఆ తోడికోడళ్ళిద్దరూ ఎదురెదురు మిషన్ల మీద పనిచేసేవాళ్ళు. ఇంట్లోనూ ఒకే వంటిల్లు. మాటలు మాత్రం అవసరానికే. ఇటలీలో ఆరు నెలల దర్జీ శిక్షణకు మనుషుల్ని పంపుతామనీ, ముందు ఇటాలియన్ భాషలో పరీక్ష నెగ్గాలనీ మేస్త్రీ చెప్పాక ఆ కాస్త మాటలూ తగ్గాయి.

భాష క్లాసు మధ్యాహ్నం. పెద్దకోడలు వెళ్ళేది. చిన్నకోడలికి ఆ వేళ షిఫ్టు. ఇంట్లో పుస్తకం ముందేసుకుని కుస్తీ పట్టి, చివరికి సిగ్గు చంపుకుని అడిగింది.

"అక్కా, జరిగిపోయినవి ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఒకచోట 'హో' అని ఉంది, ఇంకోచోట 'సోనో' అని ఉంది."

పెద్దామె పళ్ళతో దారం తెంపింది. "అన్నిటికీ హో పెట్టెయ్. సోనో పాతకాలం మాట. ఇప్పుడెవరూ అనరు."

చిన్నామె నమ్మింది. కుట్టాను, హో కుచీతో. తిన్నాను, హో మంజాతో. వెళ్ళాను, హో అందాతో. గిన్నెలు తోముతూ వల్లెవేసింది. పక్కనే కూరలు తరుగుతూ పెద్దామె అంతా వింది.

పరీక్షలో టీచరు, నిన్న ఎక్కడికి వెళ్ళారని అడిగింది. చిన్నామె ధైర్యంగా "హో అందాతో" అంది. టీచరు ముఖం చిట్లించింది. ఎప్పుడు పుట్టారు, ఎలా వచ్చారు, ఏం అడిగినా హోనే. పరీక్ష తప్పింది.

"వెళ్ళడం, రావడం, పుట్టడం, ఇలాంటివాటికి సోనో రావాలమ్మా. అదీ ఆడవాళ్ళు చెబితే చివర 'తా' అనాలి. సోనో అందాతా. మీకు ఇలా ఎవరు నేర్పారు?"

"మా ఇంట్లోవాళ్ళే."

"పది రోజుల్లో ఇంకోసారి పెడతాను. రండి."

ఆమె తిన్నగా కార్ఖానాకు వచ్చి పెద్దామె మిషను ముందు నిలబడింది. "నా నోట్లో మన్ను కొట్టావు కదక్కా!"

పెద్దామె కాలు ఆపలేదు. "ఏడేళ్ళుగా నేను వండినదానికి అత్తయ్య నిన్ను మెచ్చుకుంటోంది. నేను వేసిన కాలరుకి మేస్త్రీ నిన్ను పొగిడాడు. ఒక్కసారన్నా 'నేను కాదు, అక్క' అన్నావా?"

చిన్నామె ముఖం పాలిపోయింది. అది నిజమే.

"నోరు మూసుకున్నాను, తప్పే. నువ్వు నోరు తెరిచి అబద్ధం చెప్పావు."

"మూసుకుంటే తక్కువ తప్పా?"

కాజాలు కుట్టే ఆమెను బతిమాలి చిన్నకోడలు షిఫ్టు మార్చుకుంది. పది రోజులూ క్లాసులో ముందు బెంచీ మీద కూర్చుంది. రెండోసారి ఒక్క తప్పూ దొర్లలేదు.

ఇటలీ వెళ్ళేవాళ్ళ జాబితాలో ఇద్దరూ ఉన్నారు. "ఒకే ఇంటివాళ్ళు కదా, ఒకే గది ఇమ్మని రాశాను," అన్నాడు మేస్త్రీ సంబరంగా.

"వేరే గది రాయండి," అంది పెద్దామె.

"ఈవిడ పక్కన నాకు నిద్ర పట్టదు," అంది చిన్నామె.

గది మారలేదు. బయల్దేరే రోజు అత్తగారు ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద పెట్టె సర్దింది. పెద్దకోడలు అందులోంచి తన బట్టలు లాక్కుని, చిరుగులు పడ్డ సంచీలో కుక్కుకుంది.