ఉపవాసపు బీరు తాగించిన మగ్గు

నేను ఒక బీరు మగ్గును. బూడిదరంగు ఒళ్ళు, దాని మీద నీలం తీగలు, కాస్త బొద్దుగా ఉంటాను. నన్ను చేసింది జర్మనీలో ఒక కుమ్మరి. ఆవం ఎర్రగా కాగి ఉన్నప్పుడు ఆయన గుప్పెళ్ళతో ఉప్పు విసిరేవాడు. ఆ ఉప్పే నా ఒంటికి మెరుపై అంటుకుంది. మనుషులు ఉప్పు తిన్న విశ్వాసం గురించి మాట్లాడుకుంటారు గానీ, దాన్ని ఒంటి నిండా పూసుకుని తిరిగేది నేనే.

నన్ను కొన్న ఆలోయిస్, బవేరియాలో ఒక చిన్న ఊరి బ్రూవరీకి పెద్ద. ఆయన కాచే బీర్లన్నిటిలో డొప్పెల్‌బాక్ అంటే నాకు ప్రాణం. ఆ బీరు పుట్టిల్లు సన్యాసుల మఠం. ఈస్టరు ముందు ఉపవాసాల్లో గట్టి తిండి ముట్టకూడదు, తాగడానికి మాత్రం అడ్డు లేదు. అందుకని ఆ మహానుభావులు రొట్టెలోని బలమంతా దింపి చిక్కటి బీరు కాచుకునేవారట. తరవాత హైదరాబాదు వచ్చి, ఉపవాసమంటూ పెసరట్టూ ఉప్మా లాగించేవాళ్ళను చూశాక, ఆ సన్యాసులు వీళ్ళకు చుట్టాలేననిపించింది.

నన్ను ఇక్కడికి తెచ్చింది మందాకిని. ఆలోయిస్ దగ్గర పని నేర్చుకుని తిరిగి వస్తుంటే ఆయన తన మగ్గునే ఆమె చేతిలో పెట్టాడు. మాటలు తక్కువ మనిషి, ఆశీర్వాదం కూడా అలాగే చేశాడు. ఆమె నన్ను స్వెట్టర్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని విమానంలో కూర్చుంది.

ఆమెకు పని ఇచ్చిన మల్లేశం గౌడ్ గారిది తాతల నాటి నుంచి కల్లు గీసిన ఇల్లు. ఆయన సొంత బ్రూవరీ పెట్టారు. మంచి మనిషే గానీ ఓ పట్టాన నమ్మరు. ఒక ట్యాంకు నిండా మందాకిని కాచిన డొప్పెల్‌బాక్ నెలల తరబడి చల్లగా ఊరుతుంటే ఆయనకు మింగుడు పడలేదు.

"తెల్లారి దింపిన కల్లు పొద్దెక్కంగనే పులుస్తది బిడ్డా. ఇన్ని నెలలు దాస్తే అండ్ల ఏం మిగుల్తది? రేపు తాగి చూస్త. నచ్చకుంటే పారబోసి లైట్ బీరు పొయ్యి."

మందాకిని "సరే సార్" అంది. ఈ ట్యాంకు పోతే మళ్ళీ ఇలాంటి బీరు కాచనివ్వరని ఆమెకు తెలుసు. ఆలోయిస్ దగ్గర నేర్చుకున్నదంతా ఆ ట్యాంకులోనే ఉంది.

మర్నాడు గౌడ్ గారు ముందే వచ్చారు. నా మీద గౌరవంతో స్వయంగా కడిగి, తడి ఆరకుండానే ఫ్రీజర్లో పెట్టారు. ఇక్కడ బీరంటే పళ్ళు జివ్వుమనాలి. నా జన్మలో అంత చలి ఎరగను. మందాకిని వచ్చేసరికి ఆయన ట్యాంకు కుళాయి తిప్పి, నా నిండా పట్టుకుని కూర్చున్నారు.

ఒక గుక్క తాగి, "ఏముంది బిడ్డా ఇండ్ల? సల్లగుంది, అంతే" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. రుచంతా చలికి ముడుచుకుపోయింది, పాపం ఆయన నాలుక తప్పేమీ లేదు.

"కొంచెంసేపు ఆగండి సార్" అని మందాకిని నన్ను రెండు చేతుల మధ్య పెట్టుకుంది. ఆయన కల్లు ముచ్చట్లు చెబుతుంటే వింటూ, నన్ను వెచ్చబరుస్తూ కూర్చుంది. అంత చలి మీద ఆ వెచ్చదనం నేను తట్టుకోలేకపోయాను. అడుగున సన్నగా చిట్లాను. బీరు చుక్కచుక్కగా ఆమె అరచేతిలోకి దిగింది.

ఆమె నా వంక చూసింది. ముఖం పాలిపోయింది. కానీ తొలి రుచి నాడే పాత్ర పగిలిందంటే గౌడ్ గారు అపశకునమంటారు. ఇక ట్యాంకు గతి అంతే. చిట్లిన చోట అరచేతితో అదిమిపట్టి, "ఇప్పుడు తాగండి సార్" అని నన్ను ముందుకు చాచింది. పిడి ఆయన పట్టుకున్నా, అడుగున చెయ్యి తియ్యలేదు.

ఈసారి ఆయన ముందు వాసన చూశారు. తాగి కళ్ళు మూసుకున్నారు. మాడీమాడని రొట్టె అంచు కమ్మదనం, ఖర్జూరం తీపి, గొంతు దిగాక గుండెలో నెమ్మదిగా పాకే వెచ్చదనం. ఎన్నిసార్లు మోసినా నాకు మొహం మొత్తని బీరు అది.

"మా నాయినమ్మ నీరా కాగబెట్టి తాటిబెల్లం చేస్తుండె. గదే వాసన. బెల్లం ఏసినవా?"

"లేదు సార్. బార్లీ మాల్టు, హాప్స్, ఈస్టు, నీళ్ళు. తరవాత ఆగడమే."

ఆయన అడుగు దాకా తాగి, "ట్యాంకు ముట్టకు. మందిని నేనే పిలుస్త" అన్నారు. అప్పుడు ఆయనకు కనిపించింది, ఆమె మోచేతి దాకా కారిన బీరు.

"నీ గురువు ఇచ్చిన మగ్గు కద బిడ్డా. నేను ఫ్రీజర్ల పెట్టబట్టి..."

ఇప్పుడు నేను ట్యాంకుల గదిలో అర మీద ఉన్నాను. నాలో ఎవరూ ఏమీ పోయరు. ఆ సాయంత్రం మందాకిని నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆలోయిస్‌కు ఫోన్ చేసింది. బీరు నెగ్గిన సంగతి చెప్పకుండా, ముందు నా సంగతే చెప్పి ఏడ్చింది. ముసలాయన అంతా విన్నాడు.

"ఆయన తాగాడా?"

"అడుగు దాకా తాగారు."

"అయితే మగ్గు తన పని చేసింది" అన్నాడు ఆలోయిస్. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. ఏడుస్తున్న మందాకినికి అది వినబడిందో లేదో, నాకు మాత్రం వినబడింది.