చిన్నా తిరిగొచ్చిన ఆదివారం

రెజీనమ్మకు అక్షరం కనబడితే చదవకుండా ఉండలేని జబ్బు. బజ్జీలు కట్టిచ్చిన కాగితం, దగ్గు మందు సీసా మీద చీటీ, కరెంటు బిల్లు వెనకవైపు, పెళ్ళి పత్రికలో అడుగున ప్రెస్సువాడు వేసుకున్న ఫోను నంబరు, దేన్నీ వదిలేది కాదు. బడికి పోయిన మనిషి కాదు. చర్చిలో పాటల పుస్తకం పట్టుకుని, పక్కామె వేలు ఎక్కడుందో దొంగచూపు చూసి, తన వేలు అక్కడ పెట్టి పాడుతూ పాడుతూ నేర్చుకుంది. అందుకని ఊళ్ళో ఆడవాళ్ళందరిలో తానే చదువరినని ఆమెకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఊరికి జరిగిన మేలు ఏమీ లేదు. కీడు మాత్రం ఈ మధ్యనే ఒకటి జరిగింది.

ఆమెకు రెండో జబ్బు కూడా ఉంది. ఎవరన్నా ఊరు వదిలి పోతుంటే తట్టుకోలేదు. పాస్టరు గారికి ట్రాన్స్‌ఫర్ వచ్చిన ప్రతిసారీ సామాను ఎక్కించిన వ్యాను ముందు నిలబడి ఆమె ఏడ్చే ఏడుపు ఎంత పేరుపడిందంటే, కొత్తగా వచ్చిన పాస్టరమ్మ మొదటి రోజే, "మేం పోయేటప్పుడు కూడా ఇట్లాగే ఏడుస్తారంట గదమ్మా?" అని ఆశగా అడిగింది. ముందుగదిలో అద్దెకున్న నర్సమ్మ ఖాళీ చేసేనాడు రెజీనమ్మ ఆమె చెప్పుల్లో ఒకదాన్ని బియ్యం డబ్బా వెనక దాచింది. బస్సు తప్పిపోతుందని ఆశ. నర్సమ్మ వేరే చెప్పులేసుకుని పోయింది. ఆ ఒంటి చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈ జబ్బుకు మొదలు తమ్ముడు మాథ్యూ. ఎప్పుడో, ఆమెకు పెళ్ళి కూడా కాకముందు, ఇదే ఇందుకూరుపేట బస్టాపులో నెల్లూరు బస్సెక్కి, "ఆదివారానికి వచ్చేస్తాలే అక్కా" అని చెయ్యి ఊపినాడు. రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. ఆ సంగతి రెజీనమ్మ ఎవరితోనూ మాట్లాడదు. కానీ ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చేటప్పుడు మెడ తిప్పి బస్టాపు వైపు ఒకసారి చూస్తుంది. ఎవరన్నా గమనిస్తే మెడ నొప్పి అంటుంది.

అట్లాంటి మనిషి ముందుగదిలోకి అబిగయీలు అద్దెకు దిగింది. నెల్లూరు పిల్ల. చదువు మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆ పిల్ల పరిశోధన చాలా తేలిగ్గా చెప్పొచ్చు. చదువురాని ఆడవాళ్ళకు పాటలైతే బోలెడు నోటికొస్తాయి. ఆ వచ్చిన పాటనే పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ముందు పెట్టి, పాడుతూ మాట కింద వేలు జరుపుకోమంటే, చదువు తొందరగా వస్తుందా రాదా? వస్తుందని ఆ పిల్ల నమ్మకం. రెజీనమ్మకు అట్లాగే వచ్చింది కదా. అందుకే ఆ ఇంట్లో దిగింది కూడా.

రోజూ సాయంత్రం చర్చి వరండాలో క్లాసు. చర్చి ఆడవాళ్ళతో పాటు పట్టపుపాలెం నుంచి పెంచలమ్మ కూడా వచ్చేది. ఎండుచేపలమ్మే మనిషి. ఆమెకు చర్చి పాటలు ఒక్కటీ రావు. ఇంకే పాటలూ రావు. గొంతెత్తితే పక్కనున్నవాళ్ళు శ్రుతి తప్పేవాళ్ళు. జ్ఞాపకం అంతకన్నా దరిద్రం. అంగడికి పోయి, ఏం కొనాలని వచ్చిందో అంగడివాడినే అడుగుతుంది. అందరూ కళ్ళు మూసుకుని పాడుతుంటే ఆమె మాత్రం కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కో అక్షరాన్నీ చేపల్లో పురుగు వెతికినట్టు చూసేది.

"ఈమెకు ఈ జన్మలో రాదు" అని రెజీనమ్మ తీర్పు చెప్పింది. అప్పటికే ఆమె పరిశోధనలో బాగా ముదిరిపోయింది. కోళ్ళు సరిగ్గా గుడ్లు పెట్టడం లేదని ఎదురింటి ఎస్తేరమ్మ మొత్తుకుంటే, "డేటా ఉందా?" అని అడిగే దశకు వచ్చింది.

ఒకరోజు అబిగయీలు ఫోనులో మాట్లాడి వచ్చి కళ్ళు తుడుచుకోవడం రెజీనమ్మ చూసింది.

"ఏంది బిడ్డా?"

"ఏం లేదవ్వా. బుధవారం మా గైడు సంజీవరావు సార్ వస్తారంట. వీళ్ళు ఎప్పుడూ చూడని పేరా ఒకటిచ్చి చదివిస్తా కదా, ఆ పరీక్ష ఆయన దగ్గరుండి చూస్తారంట."

"చూడనీ."

"వీళ్ళకు రాలేదనుకో, ఇంతకాలం నేను చేసింది ఏమైపోతుందో నాకే తెలీదు."

"పరీక్ష నీకా, వాళ్ళకా?"

"వాళ్ళకే. కానీ..." అని ఆ పిల్ల ఆగింది. ఆ 'కానీ' తర్వాత ఏముందో వినే ఓపిక రెజీనమ్మకు లేకపోయింది. ఆమెకు అంతా అర్థమైపోయింది. వీళ్ళు చదివితే పిల్ల పాసు. చదవకపోతే ఫెయిలు.

పాసైతే పిల్ల వెళ్ళిపోతుందని కూడా తట్టింది. అయినా సరే పాస్ చేయించాలనే అనుకుంది. ఇంత గొప్ప త్యాగం తాను చేస్తున్నట్టు ఎవరికీ తెలియదు కదా అని, ఎవరో ఒకరు ఏడవాలి కాబట్టి, తనే కాసేపు ఏడ్చింది.

మర్నాడు అబిగయీలు స్నానానికి పోయింది. ఫైలు మంచం మీద ఉంది. అక్షరం కనబడితే చదివే జబ్బు సంగతి ముందే చెప్పాను కదా. పరీక్ష పేరా పైనే ఉంది.

"మబ్బు పట్టింది. చిన్నా సంచి భుజాన వేసుకున్నాడు. అమ్మ పెరుగన్నం కట్టి ఇచ్చింది. బస్సు వచ్చింది. చిన్నా ఎక్కాడు. అమ్మ చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగింది."

రెజీనమ్మ కాగితం తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. కింద మళ్ళీ చూసింది. అంతే. మలుపు తిరిగింది. తర్వాత? పెద్ద చదువులు చదివిన పిల్ల, ఆ తల్లిని బస్టాపులో అట్లా నిలబెట్టి ఎట్లా వదిలేసింది?

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టింది. ఎస్తేరమ్మ వాకిట్లో, రోజారమణి కుట్టుమిషను దగ్గర, పాటల బృందానికి పెద్దదైన పుష్పకుమారి పెరట్లో. ఒకసారి చెబితే పట్టేసే ఆడవాళ్ళు. ఇంకా బాగా పట్టడానికి రెజీనమ్మ ఆ పేరాకు ఒక పాట వరస కూడా కట్టింది. చివర తన సొంత వాక్యం ఒకటి కలిపింది. "మళ్ళీ ఆదివారానికి చిన్నా తిరిగొచ్చాడు." అది కలపకుండా వేరేవాళ్ళకు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చెప్పగా చెప్పగా అది కాగితంలోనే ఉందని ఆమె కూడా నమ్మేసింది.

పెంచలమ్మకు మాత్రం ఎన్నిసార్లు చెప్పినా మొదట్లో మబ్బు పట్టడం, చివర్లో తిరిగిరావడం తప్ప నిలవలేదు.

"బుధవారం నువ్వు జ్వరమని పడుకోమే" అంది రెజీనమ్మ.

"నాకు జ్వరం లేదే."

"తెప్పించుకో."

"మీ సారు వస్తే అందరికీ టీ, బిస్కెట్లు ఇస్తారంట గదక్కా. జ్వరమైతే ఎట్లా?"

బుధవారం సంజీవరావు గారు వచ్చారు. చర్చి పక్కగదిలో ఆయనొక కుర్చీలో, అబిగయీలు ఒక కుర్చీలో కూర్చున్నారు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. రెజీనమ్మ కిటికీ కింద గోడకు ఆనుకుని చతికిలబడింది, ప్రార్థన చేసుకోవడానికని చెప్పి.

ఎస్తేరమ్మ ముందు పోయింది. కాగితం గుండెలకు హత్తుకుని, కళ్ళు మూసుకుని, వరస తప్పకుండా చదివింది. చిన్నాను ఆదివారానికి తిరిగి తెచ్చి, అలవాటు కొద్దీ "ఆమెన్" అని కూడా అంది.

సారు కాగితం వైపు చూసుకున్నారు. రోజారమణి వచ్చింది. అదే వరస. ఆమె కాగితం వైపు చూడకుండా గోడ మీద క్యాలెండరు చూస్తూ చదివింది. చిన్నా తిరిగొచ్చాడు. పుష్పకుమారి రాగం తీసి, చివరి వాక్యం రెండుసార్లు పాడింది. చిన్నా రెండుసార్లు తిరిగొచ్చాడు.

"అబిగయీలూ" అన్నారు సారు. గొంతు చల్లగా ఉంది. "ఈ పేపరు ఎవరికన్నా చూపించావా?"

"లేదు సార్."

"మరి ఇందులో లేని వాక్యం ముగ్గురూ ఎట్లా చదివారు? అందరిదీ ఒకే రాగం ఎట్లా అయింది?"

అబిగయీలు తన దగ్గరున్న కాగితం తీసి మళ్ళీ చూసుకుంది.

"నువ్వే నేర్పించి నా ముందు పాడించావంటే, ఇక్కడితో ఆపేద్దాం. దీని మీద నేను సంతకం పెట్టలేను. తర్వాత నువ్వేం రాసినా నమ్మలేను."

కిటికీ కింద రెజీనమ్మ ఏం చేయాలో గబగబా ఆలోచించింది. ఇంటికి పారిపోవచ్చు. కానీ మోకాళ్ళు సహకరించవు. స్పృహ తప్పి పడిపోవచ్చు. అది ఆమెకు బాగా అలవాటే, పోయిన పాస్టరు గారి వీడ్కోలులో చేసింది. కానీ పడిపోతే పిల్ల తరఫున మాట్లాడేదెవరు? లోపల అబిగయీలు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. రెజీనమ్మ ఊచలు పట్టుకుని పైకి లేచింది.

"నేనే సార్. ఆ పాపకేం తెలియదు."

సారు ఉలిక్కిపడ్డారు. కిటికీలో ఉన్నట్టుండి ఒక తెల్లటి తలకాయ. "మీరెవరమ్మా?"

"ఇంటి ఓనరుని. ఆమె నీళ్ళు పోసుకునేటప్పుడు నేను కాగితం చూసినా. అందరికీ నేనే చెప్పినా. వీళ్ళు చదివితేనే గదా సార్ ఈ పిల్ల పాసయ్యేది?"

"అవ్వా!" అంది అబిగయీలు.

"అట్లా కాదమ్మా" అన్నారు సారు. "వస్తే వచ్చిందని, రాకపోతే రాలేదని రాయడమే ఆమె పని. రాకపోయినా ఆమె ఫెయిలు కాదు. అబద్ధమైతేనే ఫెయిలు."

ఆ 'కానీ' తర్వాత ఉన్నది బహుశా ఇదే కాబోలని రెజీనమ్మకు అప్పుడు తట్టింది.

"సరే, పేరా చూశారు. ఆ చివరి వాక్యం ఎక్కడిది?"

"అది నేనే పెట్టుకున్నా సార్."

"ఎందుకు?"

"బస్సు పోయిందని చెప్పి ఊరుకుంటే ఎట్లా సార్? ఆమె అక్కడే నిలబడి ఉంటది గదా."

సారు కళ్ళద్దాలు తీసి కాసేపు తుడుచుకున్నారు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. తర్వాత ఫైలు మూసి, ఈ రోజు పరీక్ష రద్దు అన్నారు.

"నేనింకా చదవలా" అని వాకిలి దగ్గర గొంతు. పెంచలమ్మ. "బేరం మానుకుని వచ్చినా. చదివే పోతా."

రెజీనమ్మ కిటికీలోంచి వద్దు వద్దని చెయ్యి ఆడించింది. పెంచలమ్మ పట్టించుకోకుండా కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంది. వరసా లేదు, రాగమూ లేదు. "మ... బ్బు. మబ్బు. ప... పట్టింది." సంచి దగ్గర ఆగింది. పెరుగన్నం దగ్గర చెమట పట్టింది. బస్సు వచ్చేసరికి నిజం బస్సే వచ్చి పోయేంత సేపు పట్టింది. "మ... లు... పు. మలుపు. తిరిగింది." ఆగింది. కాగితం తిప్పి వెనక చూసింది. మళ్ళీ ముందుకు తిప్పింది.

"అయిపోయింది సార్."

"అంతేనా? చిన్నా తిరిగి రాలేదా?"

పెంచలమ్మ ఇబ్బందిగా కిటికీ వైపు చూసింది. "అక్క వస్తాడనే చెప్పింది సార్. ఇందులో మాత్రం లేదు."

అబిగయీలు లేచి పెంచలమ్మ చేపల వాసన చేతులు రెండూ పట్టుకుంది.

"పాట వచ్చినవాళ్ళు పాట పాడారు" అన్నారు సారు మెల్లగా. "పాట రానామె అక్షరం చూసింది. నువ్వు అనుకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు, తెలుసా?"

"తెలుసు సార్." ఆ పిల్ల కళ్ళు తడిగానే ఉన్నాయి కానీ, అందులో కొత్త వెలుగొకటి వచ్చింది. "వచ్చిన పాటలోనే ఒక్క వాక్యం మార్చి ఇస్తే? ఆ వాక్యం దగ్గర ఎవరు ఆగితే వాళ్ళు నిజంగా చదువుతున్నట్టు."

"చెయ్యి. కానీ ఈ ఊళ్ళో కాదు. ఈ ఊరు పాడైపోయింది." పాడైపోయిన ఊరి మొత్తానికీ ప్రతినిధిలా కిటికీలో రెజీనమ్మ నిలబడి ఉంది. "బోగోలు వైపు పో. మొదటి నుంచి మొదలుపెట్టు."

ఆ విధంగా, పిల్లను పాస్ చేయించాలనుకున్న రెజీనమ్మ ఆ పిల్ల చదువును మళ్ళీ మొదటికి తెచ్చింది, పైగా ముందుగా ఊరు కూడా వదిలించింది. ఇంత పని ఆమె శత్రువులు కూడా చేసి ఉండరు.

అబిగయీలు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఒక పూట మాట్లాడకుండా అన్నం తినింది. మరుసటి పూట, చారు బాగుందని అంది. ఆ మాటకు రెజీనమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

"నా పేరు నీ పుస్తకంలో వేస్తావా?" అని సామాను సర్దేటప్పుడు అడిగింది. "ఆ మార్చే వాక్యం ఆలోచన నాదే గదా, ఒకరకంగా."

"పేరు వేస్తే నేరం ఒప్పుకున్నట్టే అవ్వా."

"అయితే వద్దులే." కాసేపాగి, "చిన్న అక్షరాల్లోనన్నా?" అంది.

బస్టాపుకు రెజీనమ్మ, పెంచలమ్మ పోయినారు. చెప్పులు దాచాలన్న ఆలోచన రాలేదని కాదు. అబిగయీలు బూట్లు వేసుకుంది.

"ఫోను చేస్తానవ్వా."

"చెయ్యి. ఆదివారానికి వస్తానని మాత్రం అనొద్దు."

ఆ పిల్ల ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. ఎందుకని అడగలేదు. "అననులే" అంది. బస్సు ఎక్కింది. చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగింది.

"ఆదివారానికి వచ్చేస్తదిలే" అంది రెజీనమ్మ.

"ఆ పాప అట్లా అనలా గదక్కా."

"నాకు తెలుసులేమే. నోరుమూసుకుని నడువు."

పెంచలమ్మ నోరు మూసుకునే దశలో లేదు. కొత్తగా వచ్చిన చదువు, దారిలో ప్రతి బోర్డు దగ్గరా ఆగుతోంది. రొయ్యల మేత అంగడి ముందు నిలబడి, "రొ... య్య..." అని మొదలుపెట్టి తర్వాతి మాట దగ్గర చిక్కుకుంది. రెజీనమ్మకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్షరం కనబడితే ఆగలేని జబ్బు, పైగా ఎండ మండిపోతోంది. అయినా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, పెంచలమ్మ వేలు ఆ అక్షరం మీద నుంచి తనంతట తాను కదిలేదాకా.